నీ మాంత్రికుడి వేళ్లకి మసి అంటనీ

విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ బొమ్మల కథ 30 పేజీలూ చదివాను. 11వ పేజీ మూలన చిన్న బొమ్మ ఒకటుంది. మాంత్రికుడి శిష్యుడు వీధి కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని, వేళ్లకంటిన కాటుకని ఇటుక ముక్కతో రుద్దుతున్నాడు. అది వదలడం లేదు. దాని కింద నువ్వు ఒక్క మాటా రాయలేదు. ఈ ఉత్తరం ఆ బొమ్మ రాయిస్తున్నదే. మిగతా 29 పేజీల మీదా నాకు కోపంగా ఉంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నిలబడి నీ మాంత్రికుడు అరచెయ్యి చాపాడు, హార్బర్‌లో ఓడ తగలబడింది. ఎలా తగలబడింది? చెయ్యి చాపాడు గనక. మరి రెండో ఓడని ఎందుకు వదిలేశాడు? కాల్చేస్తే నీ కథ అక్కడితో సరి గనక! చదివే పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

మంత్రం కూడా ఒక పనే. కుమ్మరికి సారె, కంసాలికి కుంపటి ఉన్నట్టే మాంత్రికుడికీ పనిముట్టు ఉండాలి, సరుకు ఉండాలి, ఇంత సేపు పడుతుందని ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పని చెడిపోయే దారి ఉండాలి. అది లేకపోతే బొమ్మ వేసేవాడికి గియ్యడానికి ఏం మిగిలింది? చెయ్యీ, మెరుపూ.

నీ కాటుకనే తీసుకో. ప్రమిదలో ఆముదం, కొత్త గుడ్డ వత్తి, అటూ ఇటూ రెండు ఇటుకలు, వాటి మీద బోర్లించిన రాగి పళ్లెం. మంట కొస పళ్లేనికి తగిలీ తగలనట్టుండాలి. మరీ కిందికి దించితే గాలాడక దీపం కొండెక్కుతుంది. పైకెత్తితే మసి పళ్లేనికి పట్టకుండా గాలిలో పోతుంది. రాత్రంతా పట్టిన మసిని పొద్దున్న గీకి, రెండు మూడు చుక్కల నెయ్యి వేసి నూరాలి. నెయ్యి ఎక్కువైతే ఎండకి కారుతుంది, తక్కువైతే పొడిగా రాలుతుంది. ఆ కాటుకని తమలపాకు మీద పూసి, ఒక పిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, పాతిపెట్టిన సొమ్ము ఎక్కడుందో అందులోకి చూసి చెప్పమంటారు. అంజనం వెయ్యడమంటే ఇదే. ఎదురుకాళ్లతో పుట్టినవాడికే అంజనం కనిపిస్తుందని మనవాళ్ల నమ్మకం.

ఇప్పుడు చూడు నీ చేతిలో ఏముందో. సరుకంతా గురువుది, చూపు మాత్రం కుర్రాడిది. పాతర ఎక్కడుందో గురువుకి కనిపించదు. కుర్రాడు చెప్పింది నమ్మాలి. కుర్రాడు అబద్ధం చెబితే? నీ కథ అక్కడుంది. నువ్వు దాన్ని 11వ పేజీ మూలన పడేసి ఓడలు కాల్చుకుంటూ కూర్చున్నావు.

డాల్ఫిన్స్ నోస్ మీద సముద్రపు గాలికి దీపం నిలవదు. నీ మాంత్రికుణ్ణి భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లోకి దించు. వాననీళ్లు కోసిన ఆ లోతు చాళ్లలో గాలి తగ్గుతుంది, ఎర్రమట్టి గోడ మీద మసి వేళ్ల ముద్ర ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. బొమ్మ సగం అక్కడే అయిపోయింది.

ఇక ఆ వేషం. మొనదేలిన టోపీ, మడమల దాకా ఉన్ని అంగీ! మే నెలలో, విశాఖలో! ఎవరో ఎడిటరు అలా వెయ్యమని ఉంటాడు. పరాయి దేశపు వాసన వేస్తేనే ఫాంటసీ అనుకునే ఎడిటర్లకి మన దగ్గర కరువు లేదు. మంత్రం ఎలా చేస్తారో రాసిన పేజీ కనబడితే 'పిల్లలకి అర్థం కాదు' అని కోసేసి, దాని బదులు కత్తియుద్ధం అడిగేదీ వీళ్లే. చందమామలో శంకర్ గారు గీసిన విక్రమార్కుణ్ణి గుర్తు తెచ్చుకో. చేతిలో కత్తి, భుజాన శవం. రంగులన్నీ తీసేసి నల్ల నీడగా వేసినా గుర్తుపడతాం. నీ మాంత్రికుణ్ణి అలా నీడగా వేసి చూడు, టోపీ తప్ప ఏమీ మిగలదు. పైగా 8వ పేజీలో కుడిచేతిలో ఉన్న కర్ర 9కి ఎడమచేతిలోకి వచ్చింది. గీత మొదలెట్టకముందే అతన్ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఒక కాగితం మీద వేసి, ఏ వస్తువు ఏ చేతిదో రాసి గోడకి అంటించుకో.

అష్టసిద్ధులూ ఒక్కడికే కట్టబెట్టావు. ఒకటి చాలు. లఘిమ ఇచ్చావనుకో, దూదిలా తేలికైపోయినవాడు గాలికి కొట్టుకుపోకుండా నడుముకి రాళ్లు కట్టుకు తిరగాలి. అదీ బొమ్మంటే. ప్రాణం చిలకలో దాచావు, బాగుంది, అందరూ దాచారు. ఏడు సముద్రాల అవతల ఆ చిలక్కి జామపండు పెట్టేదెవరు?

22వ పేజీలో ఏజెన్సీ ముసలామె చేత చిల్లంగి, అంటే చేతబడి, చేయించావు. అది తీసెయ్. ఆ అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు మన ఏజెన్సీ నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. అక్కడి ఊళ్లలో ఉండే దిసారి అనగానే క్షుద్రపూజ చేసేవాడని రాయకు. ఊరివాళ్లకి మంచిరోజు చూసి చెప్పేదీ, వేరుమందు ఇచ్చేదీ అతనే.

అచ్చు సంగతులు కొన్ని. పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు చొప్పున లెక్కకి రావాలి. నీ 30 కుదరవు, 28 చెయ్యి, లేకపోతే 32. దెయ్యం ప్రత్యక్షమయ్యే బొమ్మ 15లో పెట్టావు. అది కుడివైపు పేజీ, 14 చదువుతుండగానే కంట్లో పడిపోతుంది. తెరమీద మెరిసిన నీ ఊదారంగు వెలుగు నాలుగు రంగుల అచ్చులో మురికి నీలంగా దిగుతుంది. వెలుగున్న చోట కాగితాన్ని తెల్లగా వదిలేసి చుట్టూ చీకటి చెయ్యి. మాటల బుడగల్లో 11 పాయింట్ల అక్షరానికి వరుసల దూరం 16కి తగ్గనివ్వకు. 'లక్ష్మి' కింది ఒత్తు దిగువ వరుస గుడి మీద ఎక్కి కూర్చుంది. 'హ్రీం క్లీం ఫట్' అని పేజీకి మూడుసార్లు రాయడం కన్నా పెదవులు కదిలినట్టు ఒకసారి గీస్తే నయం.

కలం పేరు గురించి అడిగావు, నాకేమీ తోచలేదు.

దెయ్యాన్ని 16కి జరుపు. కొళాయి బొమ్మకి 11వ పేజీ మొత్తం ఇవ్వు, మాటలు మాత్రం చేర్చకు. కర్ర ఏ చేతిలోదో ఈలోగా తేల్చుకో.