పార ముందు, పైపు తర్వాత

పాడి సందేహాలకు విశ్రాంత పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, ఘట్‌కేసర్ దగ్గర మాకు 12 ముర్రా బర్రెలున్నాయి. సొంత భూమి ఎకరం. కొట్టం కడిగిన నీళ్లు వెనక కుంటలోకి పోతున్నాయని చుట్టుపక్కలవాళ్లు రోజూ గొడవకు వస్తున్నారు. కుంట నిండా గుర్రపుడెక్క పట్టిన మాట నిజమే. నేనేమో లోను తీసుకుని బర్రెల్ని 20కి పెంచుదామనుకుంటున్నా. పర్యావరణం అంటూ కూర్చుంటే మాలాంటోళ్లు బతికేదెట్లా?
– ఒక పాడి రైతు, ఘట్‌కేసర్

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ మీరు పాల లెక్క వేసుకున్నారు, పెండ లెక్క వేసుకోలేదు. అదిప్పుడు వేద్దాం. పెద్ద బర్రె రోజుకు సుమారు 20 కిలోల పెండ వేస్తుంది. పన్నెండింటికి 240 కిలోలు, ఏడాదికి 87 టన్నులు. మాగాక సగమే మిగిలిందనుకున్నా 40 టన్నుల పైచిలుకు ఎరువు. ఎకరానికి 4 టన్నుల చొప్పున వేస్తే పది ఎకరాలకు వస్తుంది. మీకున్నది ఒక్క ఎకరం. మిగతా తొమ్మిదెకరాల బలం కుంటలో పడి గుర్రపుడెక్కను మేపుతోంది. 20 బర్రెలైతే 18 ఎకరాలు కావాలి. లోను ఇచ్చేవాళ్లు ఈ లెక్క అడగరు, అందుకే నేను అడుగుతున్నా.

ఆ భూమి మీదే కానక్కర్లేదు. మీ చుట్టూ వరి వేసేవాళ్లున్నారు. యాసంగి కోతలయ్యాక చాలామంది గడ్డిని పొలంలోనే తగలబెడుతున్నారు. మాగిన ఎరువు మీరివ్వండి, గడ్డి వాళ్లనివ్వమనండి. పొగ తగ్గుతుంది, మీకు మేత ఖర్చు తగ్గుతుంది. ఉత్త వరిగడ్డిలో బలం తక్కువ కాబట్టి 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచండి. తీశాక కాసేపు ఆరబెట్టి, మొదట్లో కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆర్నెల్ల లోపు దూడలకు మాత్రం వద్దు. యూరియాను నేరుగా దాణాలో కలిపే సాహసం ఎవరూ చేయకండి, పశువు చస్తుంది.

ఇక కొట్టం సంగతి. మన దగ్గర తెల్లారుజామున పాలు పిండటం అయ్యీకాగానే మోటారు వేసి పైపు పట్టేస్తారు. పెండ, మూత్రం, నీళ్లు కలిసి పలచగా పారతాయి. ఒకసారి పలచబడితే దాన్ని మోయలేరు, మాగబెట్టలేరు, ఊరికే ఇస్తామన్నా ఎవరూ పట్టుకుపోరు. పైపు ముట్టుకునే ముందు పార పట్టండి. గట్టిపెండ మొత్తం గీకి కుప్పకు చేర్చాకే కడగండి. నీళ్లు సగం కూడా పట్టవు. ఆ కడుగునీళ్లను గుంతలో నిలబెట్టి, తేరుకున్నాక సూపర్ నేపియర్ గడ్డికి పారించండి. ఎకరంలో కొంత భాగం దానికే కేటాయించండి. పెంటకుప్ప కుంటకు ఎగువన ఉంటే ఈ వానాకాలం లోపే మార్చండి. డెయిరీల పెండ, కడుగునీళ్లు చెరువుల్లో, కాలువల్లో కలపకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. గొడవ అధికారుల దాకా పోతే నెగ్గేది మీ పొరుగువాళ్లే.

గోబర్ గ్యాస్ పెట్టుకోమనే చెబుతాను. ఘనపు మీటరు గ్యాస్‌కు 25 కిలోల పెండ పడుతుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పెండ, అన్నే నీళ్లు పోస్తే నలుగురైదుగురి వంట గడుస్తుంది. అయితే రెండు మాటలు గుర్తుంచుకోండి. గ్యాస్ తీసినంత మాత్రాన ఎరువు తగ్గదు, బయటికొచ్చే స్లర్రీకీ పొలం కావాల్సిందే. పైగా ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం భూమిని వేడెక్కించే మీథేనే. వాడకుండా గాలికి వదిలితే పెట్టకపోవడమే నయం.

బర్రె తేన్పుల్లోనూ ఆ మీథేనే. పాలిచ్చినా, ఒట్టిపోయి నిలబడినా తేన్పు ఆగదు. మీ పన్నెండింటిలో ఇప్పుడు పాలిస్తున్నవెన్ని? ఈనిన రెండు మూడు నెలల తర్వాత ఎదకు రానివాటిని డాక్టరుకు చూపించారా? ఖనిజ లవణాలు పెడుతున్నారా? ఎనిమిది కొత్త బర్రెలు కొనేకంటే ఉన్నవి సకాలంలో చూలు కట్టేలా చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఏడాది ఆగి అప్పుడు లోను సంగతి ఆలోచించండి.

ప్రశ్న: మూసీ ఒడ్డున పెంచే పారా గడ్డి చవగ్గా దొరుకుతోంది. వేయొచ్చా?
– ఒక పాడి రైతు, ఉప్పల్

జవాబు: పీర్జాదిగూడ వైపు మురుగునీళ్లతో ఆ గడ్డిని ఏళ్లుగా పెంచుతున్నారు, నగరంలో చాలా కొట్టాలు దాని మీదే నడిచాయి. ఆ నీళ్లలో ఇళ్ల మురుగే కాదు, ఫ్యాక్టరీల నీళ్లూ కలుస్తాయి. సీసం, కాడ్మియం లాంటివి కడిగితే పోవు. తడిగడ్డితో కార్జపు జలగ వచ్చే ప్రమాదం కూడా ఉంది. అదొక్కటే మేతగా వేయకండి. వేయక తప్పకపోతే ఎండుగడ్డితో కలిపి కొద్దిగా వేస్తూ, జలగ మందు ఎప్పుడు తాగించాలో డాక్టర్ని అడగండి. చవక అంటున్నారు గానీ, ఆ మందుల ఖర్చూ అందులో కలిపి చూడండి.

ప్రశ్న: పాడి వల్ల భూమి వేడెక్కుతోందని మా అబ్బాయి ఇంట్లో పాలు మానేయమంటున్నాడు. నిజంగా మానేయాలా?
– ఒక గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: అబ్బాయి చెప్పిన దాంట్లో నిజముంది, ఆ వయసులో పట్టించుకుంటున్నందుకు మెచ్చుకోండి కూడా. మానేయడం మీ ఇష్టం, నేనైతే మానలేదు. కాకపోతే కొన్న పాలు విరగ్గొట్టి పారబోయకండి. దగ్గర్లో డెయిరీ ఉంటే పెండ ఎటు పోతోందో ఒకసారి చూసి, గిన్నె తీసుకెళ్లి పాలు పోయించుకోండి. కూరగాయల తొక్కల్ని పాల ప్యాకెట్ కవర్లలో మూటగట్టి మాత్రం వీధిలో పడేయొద్దు. పశువు మూట విప్పుకుని తినదమ్మా, మూటతో సహా మింగుతుంది. సర్వీసులో ఉండగా పొట్ట ఉబ్బిన ఆవులకు ఆపరేషన్ చేసి పెద్దపొట్టలోంచి మేం తీసిన ముద్దల్లో తాళ్లు, మేకులతో పాటు పాల ప్యాకెట్లు కూడా ఉండేవి, కంపెనీ పేరు ఇంకా చదవగలిగేలా.