పాత గిటారు, కొత్త గొంతు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రాక్ సంగీతంలో తలపండిన వాళ్లు ర్యాపర్లతో, పాప్ గాయనులతో కలిసి పాడటం బాగా ఎక్కువైంది. ఇది పాత పేరును మళ్లీ అమ్ముకోవడమేనా, లేక సంగీతపరంగా ఏమైనా జరుగుతోందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డబ్బు లెక్క ఎప్పుడూ ఉంటుంది. అయినా పాట విని తేల్చుకునే దారి ఒకటుంది. పెద్దాయన తన పాత అలవాట్లలో దేన్ని వదులుకున్నాడో గమనించండి. ఏదీ వదలకపోతే ఆ కలయిక పోస్టరు మీదే ఉన్నట్టు.

అమెరికా రాక్ బృందం ఏరోస్మిత్ 1975 నాటి ‘వాక్ దిస్ వే’ని న్యూయార్క్ ర్యాప్ బృందం రన్-డీఎంసీ 1986లో మళ్లీ చేసింది. ఆ కుర్రాళ్లకు అంతకుముందు తెలిసింది పాట మొదట్లోని డ్రమ్స్ ముక్కే. రికార్డును వెనక్కి తిప్పి తిప్పి దాని మీద ర్యాప్ చెప్పేవారు. పాటంతా చేయమని పట్టుబట్టింది నిర్మాత రిక్ రూబిన్. ఏరోస్మిత్ నుంచి స్టూడియోకి వచ్చింది ఇద్దరే, గాయకుడు స్టీవెన్ టైలర్, గిటారిస్టు జో పెరీ. అసలు పాటలోనే చరణాలు గబగబా మాటల ధోరణిలో నడుస్తాయి కాబట్టి ర్యాప్ అతికినట్టు సరిపోయింది. చరణాల్లో ఎక్కువ భాగం కుర్రాళ్లకు వదిలి టైలర్ పల్లవి పట్టుకున్నాడు. అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి పాట 10వ స్థానం దగ్గర ఆగితే, ఇది 4 దాకా వెళ్లింది.

అన్నిటికన్నా శ్రద్ధగా వినాల్సింది గిటారిస్టు కార్లోస్ శాంటానా ‘స్మూత్’. 1999 జూన్‌లో ‘సూపర్‌నేచురల్’ ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకు 51 ఏళ్లు, పాడిన రాబ్ థామస్‌కి 27. థామస్ మొదట వచ్చింది పాట రాయడానికే. అతను నమూనాగా పాడింది నచ్చి అతని చేతే పాడించారు. శాంటానా ఇందులో గొంతు విప్పడు. గాయకుడి వాక్యం ముగిసి ఊపిరి తీసుకునే సందులో గిటారు పలుకుతుంది, వాక్యం మొదలవగానే తప్పుకుంటుంది. మన కచేరీలో పాటకు వయొలిన్ జవాబిచ్చే పద్ధతి గుర్తొస్తుంది. ఇంకో ముచ్చట: పాటకు ఆధారమైన కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులు) ఎ మైనర్, ఎఫ్, ఇ. వాటిలోని జి షార్ప్‌తో కలిపి చూస్తే వచ్చేది మన కీరవాణి మేళం స్వరాలే. పాట 12 వారాలు మొదటి స్థానంలో ఉంది, మరుసటి ఏడాది శాంటానా ఒక్క రాత్రిలో 8 గ్రామీలు అందుకున్నాడు.

లెడ్ జెపెలిన్ రాక్ బృందంలో ఆకాశమంత కేకలు పెట్టిన రాబర్ట్ ప్లాంట్ 2007లో బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీత శైలి) గాయని అలిసన్ క్రౌస్‌తో ‘రైజింగ్ శాండ్’ చేసినప్పుడు ఆ కేకను ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు. ఇద్దరూ ఒకే మాటను వేర్వేరు స్వరాల్లో, ఒకే ఊపిరితో పలకాలి. ఒకరు మాట కొసను పావు సెకను ఎక్కువ లాగినా అతుకు బయటపడుతుంది. 2009లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ గ్రామీ దానికే దక్కింది.

ఎల్టన్ జాన్ మరో దారి పట్టాడు. 2021 నాటి ‘కోల్డ్ హార్ట్’లో ఆస్ట్రేలియా బృందం ప్నావ్ ఆయన పాత పాటలు నాలుగింటి నుంచి ముక్కలు ఏరి నాట్య లయ మీద పేర్చింది. ‘రాకెట్ మ్యాన్’ పల్లవిని పాప్ గాయని దువా లీపా కొత్తగా పాడింది. తన పాటల్ని తుంచి వాడుకోనివ్వడం కూడా ఒక వదులుకోవడమే.

ప్రశ్న: ఇలాంటి ప్రయోగాల్లో దెబ్బతిన్నవి ఏవి, ఎందుకు? – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: 2011లో రాక్ గాయకుడు లూ రీడ్, హెవీ మెటల్ బృందం మెటాలికా కలిసి చేసిన ‘లులు’ ఆల్బమ్‌ని విమర్శకుల్లో చాలామంది ఏకిపారేశారు. రీడ్ అందులో చాలాచోట్ల తాళానికి కట్టుబడని మాటల ధోరణిలో చెబుతాడు. మెటాలికా రిఫ్‌లేమో (మళ్లీ మళ్లీ తిరిగే గిటారు వరసలు) గడియారంలా బిగిసి ఉంటాయి. లయ ఏదైనా ఒక చోట కలవాలి. ఆ చోటు దొరకని నిమిషాల్లో రెండు గదుల్లోని రెండు పాటలు ఒకేసారి వినిపిస్తున్నట్టు ఉంటుంది. ఆ ధైర్యాన్ని మాత్రం మేం తీసిపారేయం, కొన్ని పాటల్లో వాళ్లిద్దరూ నిజంగానే కలిశారు.

ప్రశ్న: మా పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారికి, విదేశీ రాక్ గిటారిస్టులకు పొత్తు ఎలా కుదిరింది? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: శ్రీనివాస్ గారితో వాయించిన ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పుట్టింది 1942లో. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి జాజ్‌నీ రాక్‌నీ కలిపినవాడు, 1973లో శాంటానాతో కలిసి ఒక ఆల్బమ్ కూడా చేశాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు ఆయన కన్నా 27 ఏళ్లు చిన్న. ‘రిమెంబర్ శక్తి’ బృందం 1999లో యూరప్‌లో చేసిన కచేరీల రికార్డింగులో ఇద్దరూ పక్కపక్కన వినిపిస్తారు.

పొత్తు కుదరడానికి వాద్యాల నిర్మాణం కూడా ఒక కారణం. మామూలు మాండొలిన్‌కి జంటలుగా 8 తీగలుంటాయి. జంట తీగను పక్కకు లాగితే రెండూ సమంగా సాగవు, గమకం పలకదు. శ్రీనివాస్ గారు వాడింది 5 ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్. ఒంటి తీగ కాబట్టి లాగుడు శుభ్రంగా వస్తుంది, తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్ వల్ల నాదం నిలుస్తుంది. మెక్‌లాఫ్లిన్ కూడా 1970ల నాటి తన ‘శక్తి’ బృందం కోసం ఫ్రెట్ల (మెట్ల) నడుమ చెక్కను లోతుగా తొలిపించి, అదనంగా అనునాద తీగలు అమర్చిన గిటారు చేయించుకున్నాడు. వేలి కింద చెక్క తగలదు కాబట్టి తీగను ఎంతైనా వంచొచ్చు. గమకం కోసం ఇద్దరూ తమ తమ వాద్యాలను మార్చుకున్నవాళ్లే.

ప్రశ్న: మా బాబాయి గారికి 62 ఏళ్లు, 35 ఏళ్లుగా రాక్ గిటారు వాయిస్తున్నారు. మా వీధి కుర్రాడు తెలుగు ర్యాప్ చెబుతాడు. ఇద్దరినీ కలిపి రికార్డు చేస్తే గిటారు హోరులో మాట ఒక్కటీ వినపడట్లేదు. బాబాయి గారి 1990ల నాటి క్యాసెట్ ముక్క ఒకటి వాడాలనుంది, అదీ లయకు కుదరట్లేదు. – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ర్యాప్‌లో అర్థాన్ని మోసేవి హల్లులు. వాటి స్పష్టత దాదాపు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ (గరుకు హోరు) పెట్టిన గిటారు కూడా సరిగ్గా అక్కడే నిండిపోతుంది. గొంతు సౌండ్ పెంచితే తీరే గొడవ కాదిది.

ముందు యాంప్ మీద గెయిన్ (ఆ గరుకును పెంచే మీట) మూడో వంతు తగ్గించమనండి. గదిలో ఒంటరిగా విన్నప్పుడు పలచగా అనిపిస్తుంది, మిక్స్‌లో అదే సరిపోతుంది. అదే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెట్టండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే అది మళ్లీ మధ్యలోనే వినిపిస్తుంది, కాబట్టి రెండోసారి వాయించక తప్పదు. మధ్య స్థలం గొంతుకి, కిక్ డ్రమ్‌కి, బేస్‌కి ఉంచండి. గిటారులో 100 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేయండి, అక్కడ బీట్ తాలూకు బేస్ ఉంటుంది. ర్యాప్ నడిచే చోట గిటారుకి 2.5 – 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి. వీటన్నిటికంటే పెద్ద మందు శాంటానా పద్ధతి: మాట ఉన్నప్పుడు ఆగడం, సందులో పలకడం.

శ్రుతి కూడా చూసుకోండి. పాత రాక్ గిటారిస్టుల్లో చాలామంది తీగల్ని అర స్వరం దించి ఉంచుతారు. బీట్ చేసే కుర్రాడికి ఆ సంగతి చెప్పకపోతే బేస్‌కీ గిటారుకీ మధ్య అర స్వరం తేడా వచ్చి పాటంతా అపశ్రుతే.

క్యాసెట్‌కి రెండు జబ్బులుంటాయి. ఒకటి వేగం: ప్లేయరు 1 శాతం తేడాగా తిరిగితే శ్రుతి 17 సెంట్లు (అర స్వరానికి 100 సెంట్లు) జరుగుతుంది, 6 శాతమైతే దాదాపు అర స్వరం. ముందు దాన్ని ట్యూనర్‌తో కొలిచి సరిచేయండి. రెండోది క్లిక్ (లయ చెప్పే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాయించడం. అలాంటి రికార్డింగులో లయ పాట పొడవునా కొంచెం అటూ ఇటూ కదులుతుంది. మొత్తం ముక్కను సాగదీసి సాఫ్ట్‌వేర్ లయ గడుల్లో కూర్చోబెడితే గిటారు నాదం నీళ్లల్లో మునిగినట్టవుతుంది. బాగా నిలబడ్డ 2 లేదా 4 బార్లు (ఆవర్తాలు) కత్తిరించి తిప్పుకోండి, రన్-డీఎంసీ కుర్రాళ్లు డ్రమ్స్ ముక్కతో చేసింది అదే.

కొత్త గిటారు రికార్డింగుకి 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వొద్దు. యాంప్ మైకుతో పాటు గిటారు నుంచి నేరుగా ఒక శుభ్రమైన ట్రాక్ కూడా తీసుకోండి. తర్వాత గెయిన్ ఎక్కువైందని తేలితే బాబాయి గారిని మళ్లీ కూర్చోబెట్టకుండా దాన్నే వేరే యాంప్ గుండా పంపొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారి బ్యాండ్‌లో నలుగురూ 60 దాటినవాళ్లే. మా చెల్లెలు కర్ణాటక సంగీతం పాడుతుంది, శ్రుతి అయిదున్నర. డాలస్‌లో ఉగాదికి కలిసి చేయాలనుకుంటున్నాం. రిహార్సల్‌లో ఆమె గొంతు, గిటార్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి. – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఒకటి శ్రుతి అంటే సి. ఆ లెక్కన అయిదు జి, అయిదున్నర జి షార్ప్. గిటారిస్టులకు ఇ, ఎ, డి సుఖం, ఖాళీ తీగలు అక్కడ పలుకుతాయి. ఆమెను ఇ లోకి లాగకండి, కిందికైతే మంద్రస్థాయి, పైకైతే తారస్థాయి పోతుంది. గిటారుకి నాలుగో ఫ్రెట్ మీద క్యాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కే బిగింపు) పెట్టి ఇ ఆకారాలే పట్టుకుంటే జి షార్ప్ పలుకుతుంది. తంబురా పెట్టెను ట్యూనర్‌తో చూసి ఎ స్వరం 440 హెర్ట్జ్ లెక్కకు సరిచేయండి, చెవితో తిప్పితే గిటార్లకు అటో ఇటో అవుతుంది.

కొరుకుడు ఎక్కువగా గాంధారం దగ్గర ఉంటుంది. ఫ్రెట్ల మీది అంతర గాంధారం సహజ గాంధారం కన్నా దాదాపు 14 సెంట్లు ఎక్కువ, పంచమం తేడా 2 సెంట్లే. మామూలుగా ఆ 14 చెవికి అంత తెలియదు. డిస్టార్షన్ పెట్టగానే స్వరాల మధ్య కొత్త స్వరాలు పుట్టి మురికి చేస్తాయి. అందుకే గిటార్లు షడ్జమ పంచమాలతో పవర్ కార్డులు మాత్రమే పట్టాలి, గాంధారం గాయనిది. రాగం ఎంపికలోనూ జాగ్రత్త. కీరవాణి, చారుకేశి, హంసధ్వని కార్డులకు లొంగుతాయి. తోడి గాంధారం ఊగుతూ బతుకుతుంది, దాని కింద నిలకడ కార్డు పెడితే రాగం చచ్చిపోతుంది.

మిశ్రచాపు పాడితే డ్రమ్మర్‌కి ముందే చెప్పండి. రాక్ అలవాటు కొద్దీ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద స్నేర్ డ్రమ్ కొడుతూ పోతే 7 బేసి కాబట్టి తర్వాతి ఆవర్తంలో ఒత్తులు తలకిందులవుతాయి. 3, 2, 2గా లెక్కించి నాలుగో అక్షరం మీద స్నేర్ పెడితే చాపు విరుపు దక్కుతుంది.

ప్రశ్న: పాత విదేశీ రాక్ పాట రిఫ్ మీద మా తెలుగు ర్యాప్ పెట్టి విడుదల చేయొచ్చా? 7 సెకన్ల లోపు వాడుకుంటే ఫరవాలేదంటున్నారు. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సెకన్ల లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఒక పాటలో వేర్వేరు హక్కులుంటాయి: రచన, స్వరాలవి ఒకటి, రికార్డింగుది ఒకటి. రికార్డు నుంచి ముక్క తీస్తే ఇద్దరు హక్కుదారుల అనుమతీ కావాలి. రిఫ్‌ను మీరే వాయించుకుంటే రికార్డింగు హక్కు అడ్డు తొలగుతుంది, స్వరాల హక్కు మిగిలే ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ కవర్ పాటలకు దారి ఇస్తుంది, కానీ అది మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక 5 ఏళ్లు గడిచిన పాటలకే, కనీసం 50,000 ప్రతుల రాయల్టీ లెక్కతో. అందులో మాటలు, స్వరాలు మార్చడానికి వీల్లేదు కాబట్టి మీ ర్యాప్‌కి అది పనికిరాదు. అదే వరస కాని కొత్త రిఫ్ ఒకటి కట్టించుకోవడం మేలు.

మీలో మీకు కూడా రికార్డింగుకి ముందే కాగితం ఉండాలి: మాటలు ఎవరివి, స్వరాలు ఎవరివి, ఎంత శాతం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదు. కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం భావిస్తుంది. అమెరికా శ్రోతల మీద ఆశ ఉంటే ఆ మాట తప్పక రాయించుకోండి.

ప్రశ్న: వేదిక మీద మా పెద్దాయన 100 వాట్ల వాల్వ్ యాంప్ వదలనంటారు. ల్యాప్‌టాప్ వాయించే పిల్లలకు తమది తమకే వినపడదు. 50 వాట్లది తెస్తే చాలా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చాలదు. వాట్లు సగమైతే తగ్గేది 3 డెసిబెల్సే. 15 వాట్ల యాంప్ తెచ్చి, మైకు పెట్టి, మిగతాది సౌండ్ సిస్టమ్‌కి వదిలేయండి. యాంప్‌ను మోకాళ్ల వైపు కాకుండా పెద్దాయన చెవుల వైపు ఏటవాలుగా తిప్పితే ఆయనే సౌండ్ తగ్గిస్తారు. చెవుల సంగతీ చెప్పండి: 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భరించగల చెవికి 100 దగ్గర దక్కేది 15 నిమిషాలే. పిల్లలకు చెవిలో పెట్టుకునే మానిటర్లు ఇప్పించండి, వాళ్ల క్లిక్ అందులోనే ఇవ్వండి. అదే క్లిక్ డ్రమ్మర్‌కి కూడా వెళ్లాలి.