చి. హారికకు: పాయింట్ 22 రైఫిల్ నుంచి ఎంత కచ్చితత్వం ఆశించాలి

విశాఖపట్నం

చి. హారికకు,

పెద్దమావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నుంచి యాభై మీటర్ల పాయింట్ 22 (0.22 అంగుళాల తూటా రైఫిల్)కి మారాలనుకోవడం మంచి ఆలోచనే. "యాభై మీటర్లలో అయిదు తూటాలూ ఒకే కన్నంలోంచి పోతాయి" అని రైఫిల్ అమ్మే ఆయన అన్న మాట నమ్మొచ్చా అని అడిగావు. వద్దని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. కానీ ఎందుకు నమ్మకూడదో, నిజంగా ఎంతవరకు ఆశించొచ్చో లెక్క తెలిస్తే, రేపు ఎవరు ఏం చెప్పినా నువ్వే తూచుకోగలవు.

ముందు నీకెంత కావాలో చూడు. యాభై మీటర్ల అంతర్జాతీయ టార్గెట్‌లో పది రింగు వ్యాసం 10.4 మి.మీ., తూటా వ్యాసం 5.6 మి.మీ. గీతను తాకినా పై మార్కే ఇస్తారు కాబట్టి, తూటా మధ్య బిందువు టార్గెట్ నడిమధ్య నుంచి 8 మి.మీ. లోపల పడితే పది వస్తుంది. అంటే గ్రూపు (వరసగా కొట్టిన తూటాల కన్నాల గుంపు, దాని వెడల్పే దాని కొలత) సరిగ్గా నడిమధ్య కూర్చుంటే, 16 మి.మీ. గ్రూపు కొట్టే రైఫిల్‌తో అన్నీ పదులే వస్తాయి. ఆ తర్వాత పక్కకి జరిగే ప్రతి 8 మి.మీ.కీ ఒక మార్కు పోతుంది. ఈ 16 అంకెను మనసులో పెట్టుకో. కింద చెప్పేదంతా దీనితోనే పోల్చి చూడాలి.

గ్రూపు కొలిచే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. బాగా దూరంగా పడిన రెండు కన్నాల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి, అందులోంచి 5.6 తీసేస్తే మధ్య నుంచి మధ్యకు దూరం వస్తుంది. సీసం తూటా కాగితాన్ని చించుకుంటూ పోతుంది గనక కన్నం తూటా కన్నా చిన్నగా కనిపిస్తుంది. చుట్టూ బూడిద రంగు మరక ఉంటుందే, దాని బయటి అంచు దగ్గర స్కేలు పెట్టాలి.

ఇక ఎన్ని తూటాల గ్రూపు అన్నది అసలు ప్రశ్న. ఒకే రైఫిల్, ఒకే తూటా. అయిదు తూటాల గ్రూపు సగటున 20 మి.మీ. వస్తే, మూడు తూటాలకి అదే రైఫిల్ సగటున 16 చూపిస్తుంది, పది తూటాలకి 25 చూపిస్తుంది. తుపాకీ మారలేదు, లెక్కించిన తూటాలు మాత్రమే మారాయి. అందుకే జేబులోంచి మూడు తూటాల టార్గెట్ ఒకటి తీసి చూపించేవాళ్ల మాటకి విలువ ఇవ్వకు. అది ఆ రోజు పడినవాటిలో బాగున్న ఒక్కటి. అయిదు తూటాల చొప్పున వరసగా అయిదు గ్రూపులు కొట్టి, ఒక్కటీ పక్కన పడెయ్యకుండా సగటు తీసిన అంకె అడుగు. చేయి జారింది అన్న తూటా కూడా అందులో ఉండాలి.

రైఫిల్ మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది నీ నిలకడ మీద ఆధారపడుతుంది. చాలామంది ఈ లెక్క వెయ్యరు. రైఫిల్ చెదరగొట్టేదీ, మనిషి చెదరగొట్టేదీ నేరుగా కూడవు. రెండింటి వర్గాలు కూడి, వర్గమూలం వస్తుంది. ప్రోన్‌లో, అంటే బోర్లా పడుకుని కొట్టేటప్పుడు, నీ నిలకడ వల్ల 40 మి.మీ. చెదురుతోందనుకో. 20 మి.మీ. రైఫిల్‌తో కలిపి 45 వస్తుంది. అదే 12 మి.మీ. కొట్టే ఖరీదైన మ్యాచ్ రైఫిల్ ఇస్తే 42. లక్షలు పోసి 3 మి.మీ. కొన్నావు. నీ నిలకడ 20 మి.మీ.కి దిగాక చూడు: మొదటి రైఫిల్‌తో 28, రెండోదానితో 23. అప్పుడు ఆ 5 మి.మీ. మార్కుల్లో కనిపిస్తాయి. కాబట్టి ముందు క్లబ్బు రైఫిల్‌తో కొన్ని వారాలు ప్రోన్ కొట్టి నీ అంకె ఎంతో తెలుసుకో. ఆ తర్వాతే కొనుగోలు మాట. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే యాభై మీటర్ల మూడు భంగిమల్లో కాంస్యం తెచ్చాక చాలామంది పిల్లలు నేరుగా పెద్ద రైఫిల్ అడుగుతున్నారు. ఆ రైఫిల్ ఆ స్థాయి నిలకడకి పనికొస్తుంది, నిలకడని తెచ్చిపెట్టదు.

మరి ఏ రకానికి ఎంత ఆశించాలి? యాభై మీటర్లు, ఇసుక సంచుల మీద ఆనించి, అయిదు తూటాల సగటు అనుకో. సన్నని గొట్టం ఉన్న సాదా వేట రకం రైఫిల్, దొరికిన తూటాతో: 30 నుంచి 40 మి.మీ. దానికే నప్పిన తూటా దొరికితే 20 నుంచి 30. బరువైన గొట్టంతో బోల్టు రకం (ప్రతిసారీ చేత్తో లాగి తూటా ఎక్కించే) మంచి స్పోర్టింగ్ రైఫిల్, అంటే సీజడ్, అన్షూట్జ్ లాంటివి, బాగా కాపాడిన పాత బ్రనో: నప్పిన తూటాతో 15 నుంచి 20. ఆటోమేటిక్‌గా తూటా ఎక్కించుకునే రకం 25 నుంచి 40. మ్యాచ్ రైఫిల్, ఎంచిన లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాతో, పది తూటాలకి కూడా 12 నుంచి 15లో ఉంటుంది. నీకు ఇప్పుడు బరువు గొట్టం బోల్టు రకం చాలు. 20 లోపు సగటు చూపించే రైఫిల్ నీ చేతికొస్తే తృప్తిగా తీసుకో.

ఇంకొక మాట, గొట్టం కన్నా ముందు ట్రిగ్గర్‌కీ, స్టాకు (భుజానికి ఆనించే పిడి) కుదురుకీ డబ్బు పెట్టు. సాదా స్పోర్టింగ్ రైఫిళ్లలో ట్రిగ్గర్ లాగడానికి కిలోన్నర, రెండు కిలోల బలం కావాలి. ఎయిర్ రైఫిల్ తేలికైన ట్రిగ్గర్‌కి అలవాటుపడిన నీ వేలు అక్కడ తడబడుతుంది. చెంప ఆనే చోటు ఎత్తు కుదరకపోతే ప్రతిసారీ కన్ను వేరే చోట పడుతుంది. రైఫిల్ 15 కొట్టగలిగినా నీ చేతిలో 35 కొడుతుంది.

తూటా సంగతి తాపీగా చదువు, యాభై మీటర్లలో సగం కథ ఇదే. పాయింట్ 22 తూటాని మనం ఇంట్లో నింపుకోలేం, పెట్టెలో వచ్చిందే గతి. స్టాండర్డ్ వెలాసిటీ (మామూలు వేగం) తూటా 40 గ్రెయిన్ల బరువు, అంటే దాదాపు 2.6 గ్రాములు, సెకనుకు దాదాపు 326 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. యాభై మీటర్లు చేరేసరికి నేలవైపు 12 సెం.మీ. పైచిలుకు వాలుతుంది. ఆ వాలుని సైటు (గురి చూసే సాధనం) సర్దుకుంటుంది, సమస్య లేదు. కానీ ఒక్కో తూటా వేగం ఒక్కోలా ఉంటే సైటు ఏం చెయ్యగలదు? రెండు తూటాల మధ్య సెకనుకు 15 మీటర్ల తేడా ఉంటే టార్గెట్ మీద నిలువునా దాదాపు 12 మి.మీ. తేడా పడుతుంది. నీకున్న 16లో 12 అక్కడే అయిపోయింది. చవక తూటాల్లో ఈ తేడా మామూలే. గ్రూపు నిలువుగా సాగితే మొదట అనుమానించాల్సింది తూటానే.

హై వెలాసిటీ అని పెట్టె మీద ఉంటే మెరుగనుకోకు. అది సెకనుకు 380 మీటర్ల దాకా వెళ్తుంది. మన ఊరి ఎండలో ధ్వని వేగం 350 దాకా ఉంటుంది. ఆ తూటా టార్గెట్‌కి కాస్త ముందే ఆ గీత దాటి వేగం కోల్పోతుంది, సరిగ్గా అక్కడే అది ఊగిసలాడే అవకాశం ఎక్కువ. స్టాండర్డ్ వెలాసిటీ మొదటి నుంచీ ధ్వని కన్నా తక్కువే కాబట్టి ఆ బాధ ఉండదు. ఎస్‌కే, ఈలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ అనే తూటా కంపెనీలు ఉన్నాయి, వీటిలో దొరికిన రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె తెచ్చి పరీక్షించు. ఒక రైఫిల్‌కి నచ్చిన తూటా పక్క రైఫిల్‌కి నచ్చకపోవచ్చు. పేరు ఒకటే అయినా లాట్ నంబరు మారితే ఫలితం మారుతుంది. అందుకే నచ్చిన లాట్ దొరికితే నీ లైసెన్సు అనుమతించినంత ఒకేసారి తీసుకో. తూటా రకం మార్చాక మొదటి 15, 20 తూటాలు లెక్కలోకి తీసుకోకు. గొట్టం లోపల పాత తూటాల పైపూత మైనం పోయి కొత్తది పట్టడానికి అన్ని పడతాయి. గొట్టం తుడిచినా ఇంతే.

పాత రైఫిల్ కొంటుంటే నాలుగు చోట్ల చూడాలి. బోల్టు తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టు. గొట్టం మూతి అంచు, అంటే క్రౌన్, భూతద్దంతో చూడు. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్ల ఒకటి తీసుకుని, లోపలి నుంచి బయటికి అంచు మీదుగా చుట్టూ నెమ్మదిగా లాగు. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే అక్కడ నొక్కు ఉంది. తూటా ఆఖరిసారి తాకి వదిలేది ఆ అంచునే కాబట్టి ఇసుమంత గాటున్నా తూటా పక్కకి తన్నుకుంటుంది. తర్వాత గొట్టంలోకి బిగుతైన గుడ్డ ముక్క తోసి చూడు. ఒకే బరువుతో సాగాలి. మధ్యలో ఉన్నట్టుండి వదులైతే అక్కడ ఉబ్బు ఉన్నట్టు. గరుగ్గా పట్టుకుంటే తుప్పు గుంటలు. మన సముద్రపు ఉప్పుగాలి తిన్న గొట్టాలు చాలా ఉన్నాయి ఇక్కడ.

మూడోది, ఒక కొత్త నోటుని గొట్టానికీ స్టాకుకీ మధ్య దూర్చి వెనక్కి లాగు. గొట్టం స్టాకుకి తగలకుండా ఉండేలా చేసిన రైఫిల్ అయితే నోటు ఆగకుండా పోవాలి. చెక్క స్టాకు వానాకాలంలో తేమకి ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కన నొక్కుతుంది, మే నెలలో కొట్టిన చోట ఆగస్టులో కొట్టదు. నాలుగోది ఛాంబరు, అంటే తూటా కూర్చునే చోటు, దాని అంచు. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ ఫైరింగ్ పిన్ అక్కడ గుంట పెట్టేస్తుంది. తూటా ఎక్కడానికి, కాల్చాక మిగిలిన ఖాళీ తొడుగు బయటికి రావడానికి మొరాయిస్తే అది చూడు.

స్కోపు ఉన్న రైఫిల్ అయితే అది ఎంత దూరానికి సర్దినదో అడుగు. పెద్ద రైఫిళ్లకి చేసిన స్కోపులు వంద మీటర్ల దగ్గర పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) లేకుండా సర్ది ఉంటాయి. 40 మి.మీ. అద్దం ఉన్న అలాంటి స్కోపుతో యాభై మీటర్లకి గురి పెడితే, కన్ను అంచుకి జరిగినప్పుడు 10 మి.మీ. దాకా తప్పు చూపించగలదు. రైఫిల్‌ది కాని తప్పుకి రైఫిల్‌ని తిడతాం.

పరీక్ష క్లబ్బు రేంజిలోనే, కోచ్ ఉండగా, ముందూ వెనకా ఇసుక సంచులతో, ఒకే లాట్ తూటాతో చెయ్యి. ఉదయం ఏడు గంటల లోపు మొదలుపెట్టు. పొద్దెక్కితే సముద్రం మీంచి గాలి లేస్తుంది. గంటకు 16 కిలోమీటర్ల పక్కగాలి యాభై మీటర్లలో ఈ తూటాని రమారమి 3 సెం.మీ. జరుపుతుంది. నడిమధ్య పడాల్సిన పది ఏడు అయిపోతుంది. మధ్యాహ్నం బీచ్ రోడ్డులో జెండాలు రెపరెపలాడే వేళ కొట్టిన గ్రూపు గాలి గురించి చెబుతుంది, రైఫిల్ గురించి ఏమీ చెప్పదు.

కాగితం చదవడం నేర్చుకో. నిలువుగా సాగితే తూటా వేగం, లేదా సంచుల మీద ఆనిక ఒక్కోసారి ఒక్కోలా ఉండటం. అడ్డంగా సాగితే గాలి, లేదా రైఫిల్ పక్కకి ఒరుగుతోంది. రెండు గుంపులుగా విడిపోతే స్కోపుని పట్టి ఉంచే మౌంటు గానీ, రైఫిల్ యంత్రాన్ని స్టాకుకి బిగించే యాక్షన్ మరలు గానీ వదులు. మరలని తయారీదారు చెప్పిన బిగువుకే, బిగువు కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి. గొట్టం వేడెక్కేకొద్దీ గ్రూపు ఒక పక్కకి నడుస్తుంటే స్టాకు తగులుతోంది. నాలుగు దగ్గరగా పడి ఒకటి దూరం పోవడం పదేపదే జరిగితే తూటా మార్చి చూడు, అప్పటికీ పోకపోతే క్రౌన్. ఇవన్నీ సరిచేసుకోగలిగినవే. తుప్పు గుంటలూ, గొట్టంలో ఉబ్బూ మాత్రం సరికావు, అలాంటిది చవగ్గా వస్తోందని తీసుకోకు.

కొన్నాక గొట్టం అతిగా తోమకు. ఈ చిన్న తూటా గొట్టాలు కాల్చడం కన్నా రాడ్డుతో రుద్దడం వల్లే ఎక్కువ పాడవుతాయి. పైన లోహానికి మాత్రం రోజూ పలుచగా నూనె గుడ్డ పెట్టు. ఫోము ఉన్న పెట్టెలో నెలల తరబడి ఉంచకు, ఆ ఫోము తేమ పీల్చి పట్టుకుంటుంది. బీరువాలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చు.

లైసెన్సు విషయం మళ్లీ చెబుతున్నాను. నీ 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ 20 జౌళ్ల లోపు కాబట్టి లైసెన్సు అక్కర్లేకపోయింది. పాయింట్ 22 అలా కాదు, 21 ఏళ్లు నిండాలి, లైసెన్సు చేతికొచ్చాకే రైఫిల్ ఇంటికి రావాలి. ఈ చిన్న తూటా ఆపేదేమీ లేకపోతే కిలోమీటరు దాటి పోతుంది, కాబట్టి రేంజి గట్టు ముందు తప్ప ఇంకెక్కడా కాల్చకూడదు. స్నేహితులెవరైనా కంబాలకొండ వైపు వెళ్దాం రమ్మంటే వెళ్లకు, అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమవుతుంది, నీ ఆట అక్కడితో ఆగిపోతుంది.

గాజువాకలో చూశానన్న ఆ బరువు గొట్టం రైఫిల్‌తో అయిదు గ్రూపులు కొట్టి, ఒక్కో కాగితం మీద తూటా పేరు, లాట్ నంబరు, టైము, గాలి ఎటు వీచిందో రాసి ఫొటోలు పంపు. కొలతలు నువ్వే వేసి పక్కన రాయి, నేను మళ్లీ కొలిచి చూస్తాను. అవి చూశాకే అడ్వాన్సు సంగతి మాట్లాడదాం. అప్పటిదాకా ఆయనకి మాట ఇవ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమావయ్య