పరిశోధన పేపర్లు ఎక్కువున్న పాథాలజిస్ట్ (బయాప్సీ స్లైడ్లు చూసి జబ్బేంటో చెప్పే డాక్టర్) రిపోర్టునే ఎక్కువ నమ్మాలా?

అక్కర్లేదు, ఆ డాక్టర్ ఎంత పరిశోధన రాశారో పేపర్ల సంఖ్య చెబుతుంది తప్ప, మీ ఇంట్లోవాళ్ల గర్భసంచి బయాప్సీ స్లైడ్‌ను ఎంత బాగా చదువుతారో చెప్పదు. ఎందుకంటే అరుదైన అండాశయ కణితి ఒక్కదాని గురించి రాసిన కేస్ రిపోర్టూ ఒక పేపరే, వందల స్లైడ్లు తిరగేసి రాసిన అధ్యయనమూ ఒక పేపరే. పైగా టీచింగ్‌లో ఉన్నవాళ్లకు ప్రమోషన్‌కు పేపర్లు కావాలి, అది వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ అయినా ఇంకోటైనా. ల్యాబ్‌లో పొద్దస్తమానం స్లైడ్లే చూసేవాళ్లకు ఒక్కటీ ఉండకపోవచ్చు.

సంఖ్య కూడా ఒక్కోసారి తప్పే. ఉదాహరణకు వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో ‘రెడ్డి ఎస్’ అని కొడితే హన్మకొండ డాక్టరువీ, అమెరికాలో ఉన్నవాళ్లవీ అన్నీ కలిసి వస్తాయి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే ఆర్కిడ్ నంబర్, ఉంటే దాంతో వెతకండి, ఒక్కరివే తేలతాయి.

చాలామంది పొరబడేది పేపరు మీద రచయితల పేర్ల వరుస దగ్గర. చివరి పేరంటే ఏదో పేరుకు పెట్టింది అనుకుంటారు, కానీ మామూలుగా ఎక్కువ పని చేసినవాళ్లు మొదట, నడిపించిన సీనియర్ చివర ఉంటారు.

రిపోర్టు మీద అనుమానముంటే పేపర్లు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడొద్దు, స్లైడ్లూ బ్లాకులూ (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలు) అడిగి తీసుకుని హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆస్పత్రిలో ఇంకోసారి చూపించండి.