ఫ్లెక్సీ మీద నాన్న, ఫోన్‌లో నాన్న

ప్రశ్న: మాది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. 1878లో గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్న వేలమందిలో మా పూర్వీకుడొకాయన ఉన్నాడని నాన్న గర్వంగా చెప్పేవారు. ఆయన హోసూరులో లారీలు, బస్సులు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరు. ముప్పై అయిదేళ్లు చేసి 2023లో రిటైరయ్యారు. ఏడాది తిరక్కుండా గుండెపోటుతో పోయారు. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడిక. ఫ్లెక్సీ అచ్చయి వచ్చేసింది. ‘భక్తిపరుడు, ప్రేమగల తండ్రి, పనిలో నమ్మకస్థుడు’ అని వేయించారు. మొదటిదీ మూడోదీ నిజమే. రెండోదాని దగ్గరే నాకు గొంతు పట్టేస్తోంది. నేను ప్లస్ టూలో ఉన్న 2016 నుంచి నాలుగేళ్లు ఆయన ఇంట్లో ఉన్నట్టే లేరు. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో టైఫాయిడ్‌తో నేను తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఆయన లదాఖ్‌లో బండ్లు టెస్ట్ చేస్తున్నారు. సంఘంలో జనరేటర్ ఆగిపోతే మాత్రం రాత్రి పదింటికైనా స్పానర్ల సంచి తీసుకుని వెళ్లేవారు. ఇప్పుడు అమ్మ నన్ను పది నిమిషాలు మాట్లాడమంటోంది. పైగా నాన్న పేరు మీదున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి ఆరు లక్షలు తీసి సంఘం హాలుకి ఇచ్చి ఆయన పేరు చెక్కించాలంటోంది. నేను ఒప్పుకోలేదు. అక్క నన్ను రాతిగుండె అంది. ఏం చేయాలి?

తా.క. ఆయన పోవడానికి ముందు ఆదివారం ఫోన్ చేశారు. ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలే. ఆరాధనకు వెళ్లావా, తిన్నావా, బండికి ఆయిల్ మార్పించావా. ‘మీటింగ్‌లో ఉన్నా’ అని కట్ చేశాను. ఆదివారం మీటింగేముంటుంది? అప్పటి నుంచి ఆ బైకు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. తీయలేదు.

ఒక కొడుకు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది స్టేజి మీద మాట్లాడే సమస్యే అనుకున్నాను. పది నిమిషాలకు సరిపడా నాలుగు మాటలు చెబితే తేలిపోతుందనిపించింది. రెండోసారి మీ తా.క. దగ్గర ఆగిపోయాను. అందుకే ముందు దాని గురించి మాట్లాడతాను, ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం.

ఫోన్ కట్ చేస్తే ఎవరికీ గుండెపోటు రాదు. ఇది చిన్నపిల్లలకు చెప్పే మాటలా ఉందని నాకు తెలుసు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చదువుకున్నవాళ్లు కూడా లోలోపల ఇదే లెక్క వేసుకుంటారు. నేను ఆ రోజు అలా అనకుండా ఉంటే, ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే అని. మీరు ఉద్యోగంలో చేరింది 2021లో అనుకుంటే, వారానికొకటి చొప్పున ఆయన మీకు నూట యాభై దాకా ఫోన్లు చేసి ఉంటారు. వాటిలో ఎక్కువభాగం మీరు ఎత్తే ఉంటారు. విసుక్కుంటూనైనా ‘తిన్నాను నాన్నా’ అనే ఉంటారు. ఆ నూట యాభైనీ పక్కన పెట్టి చివరిదొక్కటే పట్టుకు కూర్చున్నారు. మనిషి పోయిన తర్వాత చివరిది ఏదైతే అదే తీర్పులా కనిపిస్తుంది. ఆ రోజు అది తీర్పు కాదు, మామూలు ఆదివారం. మీ నాన్నగారు ఫోన్ పక్కన పెట్టి ‘బిజీగా ఉన్నాడు’ అనుకుని భోజనానికి కూర్చుని ఉంటారు. మీ అమ్మగారిని అడగండి, ఆ రోజు ఆయనేమన్నారో ఆమెకు గుర్తుండవచ్చు.

ఇక ఆ నాలుగేళ్లు. మా తమ్ముడు డీజిల్ ఇంజిన్ల పనిలో ఉన్నాడు. పేర్లేవీ చెప్పకుండా, ‘హోసూరులో లారీల ఇంజినీరు, 2016 నుంచి 2020 దాకా ఇంట్లో కనబడలేదట’ అని మాత్రం చెప్పాను. వాడు వెంటనే ‘బీఎస్-6 అయి ఉంటుందక్కా’ అన్నాడు. ఆ తర్వాత అరగంట ఆపలేదు.

వాడు చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత ఇది. వాహనాల పొగ మీద నిబంధనలను మన దగ్గర భారత్ స్టేజ్ అంటారు. 2016 జనవరిలో కేంద్రం మధ్యలో రావలసిన బీఎస్-5ని వదిలేసి, 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6 అంది. దేశమంతటా బీఎస్-4 అమల్లోకి వచ్చిందే 2017 ఏప్రిల్‌లో. అంటే మూడేళ్ల గడువు. యూరప్‌వాళ్లు యూరో-4 నుంచి యూరో-6కి రావడానికి ఎనిమిది తొమ్మిదేళ్లు తీసుకున్నారు. పెద్ద డీజిల్ ఇంజిన్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్-గంటకు 3.5 గ్రాముల నుంచి ఒక్కసారిగా అర గ్రాము లోపుకు రావాలి. అందుకు పొగగొట్టంలో యూరియా ద్రావణం చల్లే ఏర్పాటు పెట్టాలి. ఆ ద్రావణమేమో మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అందుకే బండ్లను చలికాలంలో లదాఖ్‌కి, ఎండాకాలంలో రాజస్థాన్‌కి తోలుకెళ్లి పరీక్షిస్తారట. తెల్లవారుజామున, రాత్రంతా చలిలో నిలబెట్టిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి లాప్‌టాప్‌లో గీతలు చూస్తూ కూర్చోవడమే పని. గడువు తప్పితే కుదరదు. 2020 మార్చి 31 తర్వాత బీఎస్-4 బండ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే చెప్పేసింది.

మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన లదాఖ్‌లో ఏం చేస్తున్నారో ఇప్పుడు కొంచెం ఊహించవచ్చు. అయితే, ‘చూశారా, ఆయనదీ ప్రేమే, మీకే అర్థం కాలేదు’ అని నేను అనను. అలా అనే పెద్దలు మీ సంఘంలోనే పదిమంది దొరుకుతారు. టైఫాయిడ్‌తో ఉన్న పిల్లవాడికి బీఎస్-6 గడువు అక్కర్లేదు, పక్కన కుర్చీలో తండ్రి కావాలి. అది దొరకలేదు. ఎందుకు దొరకలేదో తెలిసినంత మాత్రాన లోటు పూడదు. ‘నన్ను లెక్కచేయలేదు’ అనే మాట మాత్రం ‘ఆయన రెండు చోట్ల ఉండలేకపోయారు, ఎంచుకున్నది నన్ను కాదు’ అని మారుతుంది. ఇదీ నొప్పే, కానీ రాత్రుళ్లు ఇదే కాస్త నిద్రపోనిస్తుంది.

ఒక పని చేయండి. ఆయనతో పాటు పనిచేసినవాళ్లలో ఒకరిని, కూడిక రోజు వరుసలో నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్లిపోయేవాళ్లని కాదు, అసలు టెస్టింగ్‌కి ఆయనతో వెళ్లినవాళ్లని పట్టుకోండి. ఓ సాయంత్రం టీ తాగుతూ, ‘లదాఖ్‌లో మా నాన్న ఎలా ఉండేవారు సార్?’ అని అడగండి. గదిలో మీ గురించి ఏమైనా మాట్లాడేవారా, ఫోన్ సిగ్నల్ కోసం ఎక్కడికైనా నడిచి వెళ్లేవారా, ఏమీ అనకుండా పడుకునేవారా. మంచి జవాబే వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఏదొచ్చినా అది మీరు ఊహించుకున్నది కాదు, నిజంగా జరిగింది.

ఇప్పుడు ప్రసంగం. పది నిమిషాలు వద్దు. నాలుగు నిమిషాలు చాలు. అమ్మగారికి ముందే చెప్పండి, ‘అంతసేపు నా వల్ల కాదమ్మా, ఏడుపొస్తుంది’ అని. అది అబద్ధం కూడా కాదు. ‘ప్రేమగల తండ్రి’ అనే మాట మీ నోటితో అనక్కర్లేదు, ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంది. మీరు ఆ మూడు ప్రశ్నలు చెప్పండి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఇవి అడిగేవారని, అదే వరుసలో అడిగేవారని, ఆయన గొంతు ఎలా ఉండేదో, మూడో ప్రశ్న దగ్గర ‘ఎన్ని కిలోమీటర్లయింది?’ అని ఆరా తీసేవారో లేదో చెప్పండి. నిజం చెప్పాలంటే, మీ ఇంటివాళ్లు డబ్బిచ్చి ఫ్లెక్సీ మీద వేయించిన మూడు మాటలనూ ఆయన వారం వారం ఉచితంగా చెబుతూనే ఉన్నారు. ఆరాధన, అన్నం, ఆయిల్. వింటున్నవాళ్లు నవ్వుతారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు. మీరు ఒక్క అబద్ధమూ ఆడనక్కర్లేదు.

ఫోన్ కట్ చేసిన సంగతి ఆ స్టేజి మీద చెప్పాలా? నన్నడిగితే ఇప్పుడే వద్దు. టైఫాయిడ్ సంగతీ వద్దు. దాచమని కాదు. మైకు ముందు చెప్పిన నొప్పికి జవాబుగా చప్పట్లు వస్తాయి, లేకపోతే ‘దేవుడు ఆదరించును గాక’ అనే మాట వస్తుంది. మీకు కావలసింది ఆ రెండూ కాదు. పైగా ఎదురుగా మీ అమ్మగారు తెల్లచీరలో మొదటి వరుసలో కూర్చుని ఉంటారు. ఆ లెక్క తేల్చుకోవడానికి రెండు వందల మంది అక్కర్లేదు, మీ అక్క ఒక్కరు చాలు. మిమ్మల్ని రాతిగుండె అన్నది కూడా ఆమెకు ఈ తా.క. తెలియకే.

మీ మనసులో ఇంకో భయం ఉందేమో. పోయినవాళ్ల గురించి కోపంగా ఉండటం పాపం అని. మీది బైబిలు చదివే ఇల్లు కాబట్టి మీ ఇంటి పుస్తకంలోంచే చెబుతాను. దావీదు రాజుని ఎంత పొగిడిందో, పరాయివాడి భార్య బత్షెబ విషయంలో ఆయన చేసిందీ బైబిలు దాచకుండా అంతే రాసింది. ఆయన కూతురు తామారు మీద ఆయన పెద్దకొడుకే అఘాయిత్యం చేస్తే తండ్రి కోపం తెచ్చుకుని ఊరుకున్నాడు, ఇంకో కొడుకు అబ్షాలోము ఎదురుతిరిగాడు. ఆ కథ కూడా ఉంది. ఆ అబ్షాలోము చచ్చిపోయాక గుమ్మం పైగదిలోకి వెళ్లి ‘నా కుమారుడా అబ్షాలోమా’ అని ఏడ్చిన తండ్రీ ఉన్నాడు. ఇవన్నీ ఒకే మనిషివి. మీ పాస్టరు గారు కాస్త ఓపికున్నవారైతే ఈ మాట మీద ఆయనతో కూర్చోవచ్చు. కాకపోతే వదిలేయండి.

అమ్మగారి సంగతి. ఆమె ఆయన్ని దేవదూతను చేస్తున్నారని మీకు చిరాకు. ఆ నాలుగేళ్లు ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నది మీరొక్కరే కాదు కదా. ఆసుపత్రిలో మీ మంచం పక్కన తొమ్మిది రాత్రులూ కూర్చున్నదెవరు? ఆమె ఎప్పుడైనా ఆయనతో దీని గురించి గొడవపడ్డారో, మింగేశారో మీకు తెలుసా? ‘నాన్న అప్పుడు రాలేదు’ అని మొదలుపెడితే ఆమె ఆయన తరఫున వకాల్తా తీసుకుంటారు. ‘ఆ నాలుగేళ్లు నీకెలా గడిచాయమ్మా?’ అని అడగండి. వంటింట్లో, ఆమె చేతిలో ఏదో పని ఉన్నప్పుడు అడగండి. ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని అడిగితే మన అమ్మలు చెప్పరు.

ఆరు లక్షల గురించి క్లుప్తంగా. వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తి భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా వెళ్తుంది. బ్యాంకులో నామినీగా అమ్మగారి పేరున్నా, నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గానీ వారసత్వం దాంతో మారదు. కాబట్టి ఆ డబ్బులో మీకూ అక్కకూ మాట ఉంది, అమ్మగారికీ ఉంది. ఎవరో ఒకరి పంతం మీద నడిచే విషయం కాదు. అసలు చేయాల్సిన ఆలోచన వేరే. అరవై దాటబోతున్న ఆమెకు రేపు వైద్యానికి, ఇంటి ఖర్చుకు ఎంత కావాలో ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద వేయండి. అది తీసేసి మిగిలినదాంట్లోంచి ఆమె వాటాకి తగినంత ఇస్తానంటే అడ్డుపడకండి. మీ వాటా ఇవ్వడం మీకిష్టం లేకపోతే ఇవ్వకండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఈ నిర్ణయం మాత్రం కూడిక ముందు వద్దు. స్టేజి మీద ఎవరైనా ప్రకటించేస్తే ఇక వెనక్కి రాలేరు. రాతి మీద పేరు చెక్కించడం వచ్చే ఏడాది చేసినా రాయి అక్కడే ఉంటుంది.

ఏడాది దాటబోతోంది కాబట్టి ఇది కూడా అడగాలి. నిద్ర పడుతోందా? ఆఫీసు పని జరుగుతోందా? ఆయన లేరన్న సంగతి ఇప్పటికీ రోజులో ఎక్కువసేపు మిమ్మల్ని కదలనివ్వకుండా చేస్తోందా? తాగుడు పెరిగిందా? వీటిలో రెండు మూడింటికి అవునని జవాబొస్తే ఉత్తరాలతో ఆగకండి. ఏడాది దాటినా తగ్గని, మనిషిని పని చేసుకోనివ్వని దుఃఖాన్ని ఇప్పుడు వైద్యులు చికిత్స అవసరమైన సమస్యగానే చూస్తున్నారు. బెంగళూరులో మంచి మానసిక వైద్యులకు కొదవ లేదు. అంతదాకా వెళ్లాలంటే మొహమాటంగా ఉంటే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

చివరిగా బైకు. మీరు బాగా గుర్తు చేశారు. ఏడాది కదలని బండిని ఉన్నపళంగా స్టార్ట్ చేయకండి. ట్యాంకులో పాత పెట్రోలు తీయించేయాలి, బ్యాటరీ పనిచేస్తుందో లేదో చూపించాలి, టైర్లలో గాలి దిగిపోయి ఉంటుంది. ఇవన్నీ మా తమ్ముడు చెప్పినవే. ఆయిల్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది కాదట, ఏడాది అయిందంటే మార్చాల్సిందేనట. మెకానిక్‌ని సెల్లార్‌కే పిలిపించండి. బిల్లు మీద కిలోమీటర్లు రాయించుకోవడం మర్చిపోకండి.