టాయ్ హాలర్‌కి హిచ్ కొనే ముందు, అల్లుడికి నాలుగు మాటలు

ఒరేయ్ అల్లుడూ,

నీ టాయ్ హాలర్‌ని, అదే వెనక బళ్ళు పెట్టుకునే గరాజ్ ఉన్న ట్రావెల్ ట్రైలర్‌ని, ట్రక్‌కి తగిలించడానికి నువ్వు చూసి పంపిన మూడు హిచ్‌ల ఫోటోలూ చూశాను. ఏది కొనాలో చెప్పమన్నావు గానీ, ట్రైలర్ నొగ మీద ఎంత బరువు పడుతుందో ఒక్క ముక్క రాయలేదు. అది తెలియకుండా హిచ్ కొనడమంటే కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే, కాబట్టి ఇంకో వారం కార్డు బయటకి తీయకు.

వీళ్ళు టంగ్ అంటారే, అది మన ఎడ్లబండి నొగే, దాని మీద పడే బరువే టంగ్ వెయిట్. మీ తాతయ్య వడ్ల బస్తాలు వేసేటప్పుడు "ముందుకి జరపండ్రా" అని అరవడం నాకింకా గుర్తు. బరువంతా వెనక పడితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడల మీంచి ఎగిరిపోతుంది, అంతా ముందే పడితే ఎద్దులు కుంగిపోతాయి. ట్రక్ వెనక తగిలించి లాగే బంపర్ పుల్ ట్రైలర్‌కైనా అంతే, సామాన్లతో కలిపి మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద ఉండాలి.

మామూలు ట్రావెల్ ట్రైలర్‌కి ఈ లెక్క ఒకసారి చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. టాయ్ హాలర్‌తో అలా కుదరదు. గరాజ్ వెనక ఉంటుంది గనక కంపెనీ వాళ్ళు ఖాళీ ట్రైలర్‌కి నొగ బరువు కావాలనే ఎక్కువ పెడతారు, నువ్వు బళ్ళు ఎక్కించగానే అది తగ్గుతుంది. బ్రోషర్‌లో ఉండే అంకె నీ సామాన్లు, గ్యాస్, బ్యాటరీలు, నీళ్ళు ఏవీ లేనప్పటిది. దాన్ని నమ్మి హిచ్ కొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా లెక్కే చెప్తా విను. సామాన్లు, నీళ్ళతో, గరాజ్ ఖాళీగా ఉన్నప్పుడు నా ట్రైలర్ నొగ మీద 1,250 పౌండ్లు. ఇసుకలో నడిపే మా బండి, సైడ్ బై సైడ్ అంటారే, అది 1,500 పౌండ్లు, దాన్ని ఇరుసుల మధ్యనుంచి 4 అడుగులు వెనక్కి పెట్టాను. ట్రైలర్ నొగ కూర్చునే హిచ్ బాల్ నుంచి ఇరుసుల మధ్యకి 16 అడుగులు. 1,500ని 4తో గుణించి 16తో భాగించు, 375 వస్తుంది. నొగ మీద అంత తగ్గి 875 మిగిలింది. మొత్తం ట్రైలర్ 9,200, అంటే 10 శాతం కూడా లేదు. ఈ లెక్క నేను చేసింది తర్వాత. ముందు జరిగింది ఏమిటంటే, లిటిల్ సహారా ఇసుక దిబ్బలకని ఫ్రిస్కో నుంచి ఐ-35 మీద బయల్దేరి, రెడ్ రివర్ దాటి ఓక్లహోమాలోకి వెళ్ళాక పక్కగాలి మొదలైంది, ఒక పెద్ద ట్రక్ మమ్మల్ని దాటుకుంటూ పోయింది, అంతే, వెనక ట్రైలర్ పాము తోకలా ఊగడం మొదలెట్టింది. మీ అత్త ఆంజనేయ దండకం అందుకుంది. నేను ట్రక్ బ్రేక్ జోలికి పోకుండా గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసేసి, బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది చూడు, దానితో ఒక్క ట్రైలర్ బ్రేకులే మెల్లగా వేశాను. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్ళేలా అలవాటు చేసుకో, ఇది హిచ్ కంటే ముందు నేర్చుకోవాల్సింది. తర్వాత రెస్ట్ ఏరియాలో ఆపి బండిని ఇరుసులకి ఒక అడుగు ముందుకి వచ్చేలా కట్టాను. మిగతా దారంతా ట్రైలర్ కదల్లేదు. హిచ్ అదే, నట్టు కూడా తిప్పలేదు.

నీళ్ళ ట్యాంక్ ఎక్కడుందో కూడా చూడు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, 80 గ్యాలన్లంటే 664 పౌండ్లు. పటేల్ కిరాణా కొట్లో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి సంచులు ముప్పై మూడన్నమాట! ట్యాంక్ ఇరుసులకి ముందుందా వెనకుందా అన్నదాన్ని బట్టి నొగ బరువు పెరుగుతుంది, లేదా తగ్గుతుంది.

కాబట్టి రెండుసార్లు తూచు, గరాజ్ ఖాళీగా ఒకసారి, బళ్ళు ఎక్కించి ఒకసారి. టంగ్ స్కేల్ నా దగ్గరుంది. దాన్ని జాక్ కింద పెడితే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, సరిగ్గా కప్లర్, అంటే బాల్ మీద కూర్చునే నొగ కొస, కిందే పెట్టాలి. నీకు కావాల్సింది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, దానికి నొగ బరువుని కొంత ముందుకీ వెనక్కీ పంచే రెండు స్ప్రింగ్ బార్లు ఉంటాయి. అది వచ్చాక ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే క్యాట్ స్కేల్ మీద మూడుసార్లు ఎక్కించు: బార్లు తగిలించకుండా, బార్లు తగిలించి, చివర్లో ట్రక్ ఒక్కటే.

ఇప్పుడు బార్ల సంగతి. నొగ బరువుని బట్టి 1,000, 1,200, 1,400 పౌండ్లవి అని అమ్ముతారు. నీ రెండు తూకాల్లో పెద్దది తీసుకుని, ట్రక్ వెనక ఇరుసుకి అవతల బెడ్‌లో పెట్టే జనరేటర్ లాంటి సామాన్ల బరువు కూడా కలుపు, దానికి పైన దొరికే మొదటి సైజు కొను. "ఎందుకైనా మంచిది" అని మనవాళ్ళు అన్నిట్లోనూ ఒక సైజు పెద్దది కొంటారు, ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. మరీ గట్టి బార్లయితే బళ్ళు ఎక్కించి నొగ తేలికైనప్పుడు ప్రతి గతుకూ వెన్నులో తెలుస్తుంది.

ఊగకుండా ఆపే ఏర్పాటు హిచ్‌లోనే ఉన్నది తీసుకో. ఈక్వలైజర్, బ్లూ ఆక్స్ స్వేప్రో రెండూ ఆ రకమే, మొదటిది బ్రాకెట్ల రాపిడితో పట్టి ఉంచుతుంది, రెండోది స్ప్రింగ్ బార్ల బిగువుతో. విడిగా తగిలించే ఫ్రిక్షన్ బార్ చవకే గానీ రివర్స్ చేసే ముందు దిగి తీయాలి, రాత్రిపూట క్యాంప్‌గ్రౌండ్‌లో వానలో ఆ పని చేసి చూడు తెలుస్తుంది. హెన్స్‌లీ, ప్రో ప్రైడ్ లాంటివి ఊగడాన్ని దాదాపు రానివ్వవు కానీ బాగా ఖరీదు, బరువు కూడా ఎక్కువే, అవసరమని నాకనిపించదు. ఏది కొన్నా బ్రాకెట్ కూర్చునే చోట గ్యాస్ సిలిండర్ల కవరో బ్యాటరీ పెట్టో అడ్డుందేమో ముందే టేపు పెట్టి చూసుకో.

అసలు టెన్షన్ పెట్టేది హిచ్ కాదు, నీ ట్రక్. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని. నీ ఎఫ్-150కి 1,680 ఉందనుకో. నొగ 1,250, హిచ్ ఒక 100, మిగిలేది 330. నువ్వు, మా కోడలు, పిల్లలిద్దరు, కూలర్, ఆ కూలర్ నిండా మా కోడలు సర్దే పులిహోర... దాటిపోయింది. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే ఇదంతా సర్దుకుంటుందని నీకు అమ్మేవాడు చెప్తాడు, నాకూ చెప్పాడు. అది కొంత బరువు ముందు చక్రాలకీ ట్రైలర్ ఇరుసులకీ పంపుతుంది అంతే, స్టిక్కర్ మీద అంకె మారదు. ట్రక్ వెనక కింద హిచ్ దూర్చే రిసీవర్ మీద కూడా స్టిక్కర్ ఉంటుంది, ఈ హిచ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండు వరసలు. లేకపోతే ట్రైలర్ 5,000, నొగ మీద 500 అని చాలా ట్రక్కుల మీద కనిపిస్తుంది, అంటే నీకు ఈ హిచ్ లేకుండా కుదరదు.

బిగించేటప్పుడు ముందు చక్రం మీద ఫెండర్ ఎత్తు కొలువు. ట్రైలర్ తగిలించకముందు 38 అంగుళాలు, తగిలించాక 39 చిల్లర అయితే, బార్లు వేశాక ఎంత వెనక్కి దిగాలో నీ ట్రక్ మాన్యువల్లో ఉంటుంది. మొత్తం పాత ఎత్తుకే తెచ్చెయ్యాలని ఎక్కువ బిగించకు, వెనక చక్రాలు తేలికైపోతే మలుపుల్లో ట్రక్ జారుతుంది. సరిపోకపోతే హిచ్ తలలో వాషర్లు కలిపో తీసో వంపు మార్చుకోవాలి. ట్రైలర్ సమంగా నిలబడాలి, కాస్త ముక్కు కిందికున్నా ఫర్వాలేదు, పైకి మాత్రం ఉండకూడదు. బార్లు చేత్తో గుంజి తగిలించకు, కప్లర్ లాక్ చేశాక జాక్‌తో నొగా ట్రక్ వెనకభాగం కలిపి పైకెత్తు, బార్లు వాటంతటవే కూర్చుంటాయి.

శనివారం పొద్దున్నే వచ్చి స్కేల్ పట్టుకెళ్ళు, టార్క్ రెంచ్ కూడా ఇస్తా. ముందు ఆ రెండు స్టిక్కర్లూ ఫోటో తీసి పంపు.

మీ మావయ్య