అట్లాంటిక్ తుఫాన్లు ఎటుపోయాయి?

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఎమ్మెస్ చేస్తున్నానండి. హరికేన్ల బలం పెరుగుతోందా లేదా అని క్లాస్ ప్రాజెక్టు. ఐబీట్రాక్స్ (ప్రపంచం మొత్తం తుఫాన్ల రికార్డు) సీఎస్‌వీ ఫైల్ని పాండాస్‌లో (పైథాన్‌లో డేటా చూసే టూల్) ఓపెన్ చేస్తే పసిఫిక్, హిందూ మహాసముద్రం అన్నీ ఉన్నాయి, అట్లాంటిక్ మాత్రం ఖాళీ, మూడుసార్లు డౌన్‌లోడ్ చేసినా అంతే. హర్‌డాట్ (అమెరికావాళ్ల హరికేన్ల రికార్డు) ఫైల్‌తో 1851 నుంచి గ్రాఫ్ గీస్తే గీత పైకే పోతోంది. దాన్నే సబ్మిట్ చేసేయనా?

జవాబు: ఫైల్‌ని ఏమీ అనకండి పాపం. అందులో నార్త్ అట్లాంటిక్ కోడ్ "ఎన్‌ఏ", పాండాసేమో ఎన్‌ఏ కనబడగానే "నాట్ అవైలబుల్" అనుకుని చెరిపేస్తుంది, అంతే, సముద్రానికి సముద్రమే మాయం! రీడ్ సీఎస్‌వీలో "కీప్ డీఫాల్ట్ ఎన్‌ఏ" ఆప్షన్‌ని ఫాల్స్ పెట్టండి. హెడింగ్ కింద రెండో లైన్లో డేటా ఉండదు, యూనిట్లుంటాయి, దాన్నీ స్కిప్ చేసి గాలి కాలమ్‌ని టు-న్యూమరిక్‌తో నంబర్లుగా మార్చుకోండి.

ఇక ఆ గ్రాఫ్... సబ్మిట్ చేయొద్దు. 1851లో అట్లాంటిక్ మధ్యలో తుఫాను పుడితే చూసేదెవరు, అటుగా పోయే ఓడ ఒక్కటే, ఆ కెప్టెన్ కూడా ఆకాశం రంగు చూసి ఓడ తిప్పేసుకుంటాడు కదా, కాబట్టి తుఫాను మంచి ఊపు మీదున్నప్పుడు దగ్గర సాక్షే లేడు. విమానం హరికేన్ లోపలికి కావాలని వెళ్లడం 1943లో మొదలైంది, శాటిలైట్లు 1960ల్లో వచ్చాయి. అంటే మీ గీతలో కొంత భాగం తుఫాన్లు పెరగడం కాదు, మనం చూడ్డం పెరగడం. ఈమధ్య తుఫాన్ల లెక్కలు కూడా మారతాయి, 1992లో ఫ్లోరిడాని కొట్టిన ఆండ్రూ పదేళ్లు కేటగిరీ 4గానే (గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే స్థాయి) ఉంది, 2002లో లెక్కలు తిరగేసి 5 చేశారు. అందుకే ఏ తేదీ ఫైల్ వాడారో రాసిపెట్టుకోండి.

నన్నడిగితే బలం ట్రెండ్‌ని శాటిలైట్ కాలం నుంచే మొదలుపెట్టండి. 2020లో వచ్చిన ఒక స్టడీలో 1979 నుంచి 2017 దాకా ప్రపంచం మొత్తం శాటిలైట్ ఫొటోలు తీసుకుని, కొత్త ఫొటోల క్వాలిటీని కావాలనే పాతవాటి లెవెల్‌కి దించి, అన్నిటికీ ఒకే ప్రోగ్రామ్‌తో బలం లెక్కగట్టారు. నాకు భలే నచ్చిన ట్రిక్ ఇది. అలా చేసినా తుఫాను కేటగిరీ 3 లేదా పైస్థాయిలో ఉండే అవకాశం పదేళ్లకి సుమారు 8 శాతం పెరిగినట్టు తేలింది. అంటే పెరుగుదల ఉత్తిదేం కాదు, 1851 గీతతో దాన్ని నిరూపించలేం, అంతే.

హర్‌డాట్‌లో గాలి నాట్లలో ఉంటుంది (వరినాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు). ప్రెజర్ తెలియనిచోట మైనస్ 999 ఉంటుంది, తీసేయకుండా యావరేజ్ కడితే నవ్వులపాలే. మన హుద్‌హుద్‌ని కూడా పక్కన పెట్టి పోల్చాలంటే ఐబీట్రాక్స్‌లో న్యూఢిల్లీ కాలమ్ (మన వాతావరణ శాఖ లెక్క) వాడొద్దు, అది 3 నిమిషాల సగటు గాలి, అమెరికావాళ్లది 1 నిమిషం సగటు. రెండిటికీ యూఎస్ఏ కాలమే తీసుకోండి.